గుంట కాడికి పోయిన చౌడప్ప

నగరి చౌడప్ప బి.ఎ. పరీక్ష సంగతి ఎత్తితే చాలు, అంతా తమ కళ్లముందే జరిగినట్టు చెప్పేవాళ్లు తిరుపతిలో ఇప్పటికీ దొరుకుతారు. అతడు వట్టి సోమరి అనీ, పుస్తకం తెరిస్తే నిద్ర ముంచుకొచ్చేదనీ, దేవుడి దయవల్ల ఎలాగో గట్టెక్కాడనీ ఒకరంటారు. కొండ దిగి వచ్చే బైరాగి ఒకడు అతడికి జ్ఞాపకశక్తి పెరిగే లేహ్యం ఇచ్చేవాడని ఇంకొకరంటారు. కపిలతీర్థం దారిలో అతడికొక అమ్మాయి ఉండేదనీ, ఆమె కోసమే తెల్లవారకముందు విద్యార్థి నిలయం నుంచి జారుకునేవాడనీ మరికొందరు గొంతు తగ్గించి చెబుతారు. వార్డెనుకు ఎదురు తిరగడం వెనక ఎర్రజెండా ఉందని ఒక పెద్దమనిషి నాతోనే అన్నాడు. అభిమానులూ తక్కువ తినలేదు. పెందలాడే పడుకుని, తాపీగా లేచి, యూనివర్సిటీలో మొదటి ర్యాంకు కొట్టాడని వాళ్ల ప్రచారం.

వీటిలో ఒక్కటీ నిజం కాదు. 1948లోనూ 1949లోనూ నేను అదే నిలయంలో ఉన్నాను. నేను చూసింది చూసినట్టుగా, చౌడప్ప నోట విన్నది విన్నట్టుగా విడదీసి చెబుతాను. తీర్పు చెప్పేముందు సాక్ష్యం వినడం మర్యాద. ఇన్నేళ్లూ ఆ మర్యాద అతడికి దక్కలేదు.

చౌడప్ప తండ్రి మునెయ్య నగరిలో నేతగాడు. ఇంట్లో ఒక గుంటమగ్గం. అంటే నేలలో గుంట తవ్వి, దాని ఒడ్డున కూర్చుని, కాళ్లు లోపలికి వేలాడేసి తొక్కుతూ నేసే మగ్గం. ఆ ఇంటి భాషలో పని అనే మాటకు బదులు గుంట అనే మాటే వినిపించేది. గుంటలో దిగడమంటే పని మొదలుపెట్టడం, గుంట ఎక్కడమంటే పని చాలించడం. చౌడప్ప నడక నేర్చింది దాని చుట్టూ, అక్షరాలు దిద్దింది దాని ఒడ్డున కూర్చుని. పెద్దవాడయ్యాక కూడా అతడికి బాసింపట్టు వేసుకుని చదవడం చేతనయ్యేది కాదు. కాళ్లు కిందికి వేలాడితేనే బుర్ర పనిచేస్తుందని నవ్వుతూ అనేవాడు.

మునెయ్య మగ్గానికి రెండు కట్టుబాట్లు ఉండేవి. దీపం పెట్టాక నేయకూడదు. తెల్లవారి గుంటలో దిగగానే, కొత్త నేతకు ముందు, నిన్న తెగిన పోగులు వెతికి అతుక్కోవాలి. నేతగాళ్లందరూ ఇలాగే చేస్తారని నేను అనను. పండగ గిరాకీ వచ్చినప్పుడు దీపాల కింద నేసేవాళ్లు నగరిలో ఉన్నారు. మునెయ్య మాత్రం నేసేవాడు కాదు. ఈ రెండు కట్టుబాట్లే తరువాత ఒక విద్యార్థి నిలయాన్ని కుదిపేశాయి.

ఆ నిలయం కపిలతీర్థం వెళ్లే దారిలో, పది గదులు, ఒక పెద్ద హాలు ఉన్న పాత మేడ. ఏ సంస్థకూ చెందినది కాదు, ఒక ధర్మాత్ముడు ప్రైవేటుగా నడిపేవాడు. వార్డెను సన్యాసిరావు గారు విజయనగరం వైపు హైస్కూలులో పనిచేసి రిటైరై, స్వామి పాదాల దగ్గర శేషజీవితం గడపాలని వచ్చినవారు. ఆయన్ను దుర్మార్గుడిగా చిత్రించడం నా ఉద్దేశం కాదు. చదువు మీద ఆయనకున్న భక్తి నిజమైనది. తాను మేలుకుని చదివి పైకి వచ్చారు కాబట్టి, మేలుకోకుండా ఎవరూ పైకి రాలేరని నమ్మారు. ఆయన పొరపాటంతా అక్కడే ఉంది.

సంక్రాంతి దాటిందంటే హాలులో జాగరణ మొదలయ్యేది. పెట్రోమాక్సు దీపం మధ్యలో, చుట్టూ మేము. కాఫీ కషాయం గుండిగలో కాగుతూ ఉండేది. పిలక ఉన్నవాళ్లు దాన్ని కిటికీ ఊచకు తాడుతో కట్టుకునేవారు, కునుకు పడితే ఊచ లాగి లేపేది. క్రాపు చేయించుకున్నవాళ్లకు ఆ సౌకర్యం లేదు కాబట్టి నీళ్ల బేసిన్లలో కాళ్లు పెట్టుకునేవారు. వార్డెను గారు మాతోపాటే కూర్చునేవారు, ఒక్కరోజూ తప్పుకోలేదు. ఆ సంగతి ఆయన పక్షాన చెప్పి తీరాలి. ఫలితం మాత్రం ఏటా ఒకటే. మార్చి వచ్చేసరికి సగంమందికి కంటికురుపులు, సెగగడ్డలు. మిగతా సగంమందికి అజీర్ణం, చిరాకు, పక్కవాడి పుస్తకం కనబడితే గుండెదడ. దీన్ని మేము కష్టపడి చదవడం అనుకునేవాళ్లం.

1948లో చౌడప్ప కూడా పిలక కట్టుకుని కూర్చున్నాడు. మా అందరిలోకీ నిష్ఠగా కూర్చున్నాడు. మార్చిలో ఇంగ్లీషు పరీక్షకు వెళ్లి, ప్రశ్నపత్రం తీసుకుని, వెంటనే రాయడం మొదలుపెట్టాడు. తలెత్తకుండా రాశాడు. చివరి గంటకు కాస్త ముందు పర్యవేక్షకుడు భుజం మీదుగా చూసి నిలబడిపోయాడట. చౌడప్ప ప్రశ్నపత్రాన్నే జవాబు పుస్తకంలోకి ఎత్తి రాస్తున్నాడు. మొదటి ప్రశ్న నుంచి చివరి ప్రశ్న దాకా, మార్కుల అంకెలతో సహా, ముత్యాల్లాంటి అక్షరాలతో రాసి, అయిపోయాక మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టాడు. బయటికి వచ్చి బాగా రాశానని మాతో చెప్పాడు. తాను చేసిందేమిటో అతడికి మరునాడు, కంటినిండా నిద్రపోయి లేచాక గాని తెలియలేదు.

తప్పాడు. మునెయ్య తిట్టలేదు, కొట్టలేదు. "ఇంకొక్క తూరి రాయి. అది కూడా తప్పితే వచ్చి మగ్గం మీద కూసో" అన్నాడు. మగ్గం మీద కూర్చోవడం అవమానమని తండ్రీ అనుకోలేదు, కొడుకూ అనుకోలేదు. కాని చౌడప్పకు బడిపంతులు కావాలని ఉంది. ఆ కోరిక ఒక్క పరీక్ష మీద వేలాడుతోంది.

1949 జనవరిలో అతడు నిలయానికి తిరిగి వచ్చాడు. పిలక లేదు, క్రాపు చేయించుకున్నాడు. జాగరణ మొదలైన మరునాడు, సాయంత్రం భోజనాల దగ్గర వార్డెను గారు అతడి విస్తరి ముందు ఆగారు.

"నిన్న హాలుకు రాలేదేటి చౌడప్పా?"

"పండుకున్నాను సార్."

"ఒంట్లో బాగులేదా?"

"బాగుండాలనే పండుకున్నాను సార్."

పంక్తి అంతా నవ్వింది. వార్డెను గారు నవ్వలేదు. "ఒకసారి తప్పినవాడివి. నీకు నవ్వులాటగా ఉందేటి?"

"తప్పినవాణ్ని గనకనే చెప్తా ఉండా సార్. పోయిన సంవత్సరం మీరు చెప్పినట్టు చేసినాను. ఈ సంవత్సరం మా నాయన చేసినట్టు చేస్తాను."

ఎదురు వరసలో కూర్చున్న నారాయణ, చిత్తూరు వకీలు గారి అబ్బాయి, ఊరుకోలేదు. "మీ నాయన బి.ఎ. ఏ సంవత్సరమబ్బా?"

"నువ్వు కట్టుకున్న పంచె నేసిన సంవత్సరమే" అన్నాడు చౌడప్ప, మజ్జిగ పోయించుకుంటూ.

అతడి దినచర్యలో దాచిపెట్టిన మర్మమేదీ లేదు, నేను రోజూ చూసేవాణ్ని. దీపం పెట్టే వేళకు పుస్తకం మూసేవాడు. పొద్దుగూకేముందు దగ్గరి తోటలోని మోటబావిలో ఈదేవాడు. రేషను బియ్యం అన్నం బదులు వంటమనిషి తాయమ్మ తనకోసం కెలుక్కునే రాగిసంగటిలో ఒక ముద్ద అడిగి తినేవాడు. మధ్యాహ్నం దాటాక కాఫీ ముట్టేవాడు కాదు. పెందలాడే పడుకునేవాడు. కోడికూతకు లేచి, పుస్తకాలు సంచిలో వేసుకుని బయలుదేరేవాడు. దారి పక్కన ఇటుకల కోసం మన్ను తవ్వి వదిలేసిన గుంట ఒకటి ఉండేది. దాని ఒడ్డును పారతో చదును చేసి, కాళ్లు వేలాడేసుకుని కూర్చోవడానికి పీఠంలా మలుచుకున్నాడు. అక్కడ మొదట చేసే పని కొత్తది చదవడం కాదు. నిన్న చదివినదాన్ని పుస్తకం చూడకుండా పైకి చెప్పుకునేవాడు. ఎక్కడ తెగిపోతే అక్కడ ఆగి, పుస్తకం తెరిచి ఆ పోగు అతుక్కునేవాడు. ఆ తరువాతే ముందుకు కదిలేవాడు. సోమరి అన్నవాళ్లు ఆ వేళకు నిద్రలో ఉండేవారు కాబట్టి వాళ్లకు ఇది తెలిసే అవకాశం లేదు.

ఇక ఆ అమ్మాయి కథ ఎలా పుట్టిందో చెప్పాలి. సన్యాసిరావు గారి ప్రాంతంలో గుంట అంటే ఆడపిల్ల. గొయ్యి అనే అర్థం ఆయనకు తెలియదని కాదు. కాని వయసులో ఉన్న కుర్రవాడు తెల్లవారకముందే మాయమవుతున్నాడని తెలిసినప్పుడు, మనిషికి ముందు తట్టేది పుట్టిన ఊరి అర్థమే. ఒక ఉదయం ఆయన చౌడప్ప గది ఖాళీగా ఉండడం చూసి, వంటింటి గుమ్మం ముందు నిలబడి తాయమ్మను అడిగారు. నేను బావి దగ్గర ముఖం కడుక్కుంటూ విన్నాను.

"చౌడప్ప ఏడి?"

"గుంట కాడికి పోయినాడు సార్."

"ఏటీ! గుంట దగ్గరికా?"

"రోజూ పోతాడు గదా సార్. మీకు తెలవదా?"

"రోజూనా! ఎవరి గుంట అది?"

"ఎవురిదైతే ఏం సార్. ఎవురూ పట్టించుకోకుండా పడుంటే ఈయప్ప బాగు చేసుకున్నాడు. దాని పక్కన కూసుంటే సల్లగా ఉంటాదంట. ఇంగొకర్ని దగ్గరికి రానీడు."

వార్డెను గారు గుమ్మం పట్టుకున్నారు. "సాయంత్రం కూడా వెళ్తాడా?"

"అబ్బే, పొద్దుగూకితే దాని మొహం సూడడు" అంది తాయమ్మ, పొయ్యి ఊదుతూ.

ఆ రోజే నగరికి కార్డు వెళ్లింది. కొడుకు నడత విషయమై వెంటనే రావలసిందని. చౌడప్పను ఆయన నేరుగా ఒక్క మాట అడిగి ఉంటే అక్కడితో తెమిలిపోయేది. అడగలేదు. అలాంటి ప్రశ్న విద్యార్థిని అడగడానికి ఆయన పెద్దరికం ఒప్పుకోలేదు.

రెండు రోజుల్లో మునెయ్య వచ్చాడు. భుజం మీద తువ్వాలు, చేతిలో చెనిక్కాయల మూట. వసారాలో వార్డెను గారు కుర్చీలో కూర్చున్నారు, ఎంత చెప్పినా మునెయ్య కూర్చోకుండా నిలబడ్డాడు. చౌడప్ప, అతడి గదిలో ఉండే సూళ్లూరుపేట జయరావు, నేను, మరికొందరం స్తంభాల చాటున ఉన్నాం.

"మునెయ్య గారూ, తండ్రితో అనకూడని మాట అనాల్సి వస్తోంది. మీవాడు రోజూ తెల్లారకుండా గుంట దగ్గరికి వెళ్తున్నాడు."

మునెయ్య ముఖం విప్పారింది. "అట్నా సార్! కాలేజీ సదువుకొచ్చినా మరిసిపోలేదే!"

"అంటే మీకు ముందే తెలుసా?"

"తెలవకేం సార్. మా వంశమంతా గుంటనే నమ్ముకోని బతికింది. పొద్దున లేస్తే నేను కూడా దాని మొహమే సూడాల."

"మీరు పెళ్లయినవారు కదండీ!"

"అయితే ఏం సార్? మా ఆడది గూడా పక్కనే కూసోని కండెలు సుట్టి అందిస్తా ఉంటాది."

స్తంభం వెనక జయరావు ఇక ఆపుకోలేకపోయాడు. "సార్, తప్పుగా అనుకోవద్దు. మీ పక్క గుంటంటే ఏంది సార్?"

"ఏటంటే ఏటి? ఆడపిల్ల!"

తాయమ్మ గరిటెతోనే బయటికి వచ్చింది. "అయ్యో నా సామీ! ఈడ గుంటంటే గుంటే సార్, నేలలో తవ్వింది. మీరు రేణిగుంటలో రైలు దిగి గదా ఈ ఊరికొచ్చినారు? ఆడ మీకు ఏ పిల్ల కనపడింది?"

ఆ నవ్వు ఆ మేడలో చాలాసేపు ఆగలేదు. మునెయ్యకు సంగతి అర్థమయ్యాక తువ్వాలు నోటికి అడ్డం పెట్టుకున్నాడు. సన్యాసిరావు గారు లేచి, చెప్పులు తొడుక్కుని, నడిచివెళ్లి ఆ గుంట స్వయంగా చూసి వచ్చారు. రాగానే మునెయ్యకు నమస్కారం పెట్టారు.

"మాట విషయంలో పొరపాటు నాది. క్షమించండి. హాలు విషయంలో మాత్రం నాది పొరపాటు కాదు. ఇవాళ్టి నుంచి మీవాడు అందరితోపాటు జాగరణలో కూర్చోవాలి. కూర్చోనంటే గది ఖాళీ చెయ్యాలి. ఒక్కణ్ని వదిలేస్తే రేపు ఎవడూ కూర్చోడు."

చాలామంది ఈ కథను నవ్వు దగ్గరే ఆపేస్తారు. అసలు సంగతి అక్కడ మొదలవుతుంది. పరీక్షలు దగ్గరపడ్డాయి. తిరుపతిలో చౌడప్పకు చుట్టాలు లేరు. గది పోతే నగరికి వెళ్లాలి. అక్కడ ఇరుకు ఇల్లు, పగలంతా మగ్గం చప్పుడు. ఆ సంగతి తండ్రికీ తెలుసు.

"కూసోరా అబ్బయా" అన్నాడు మునెయ్య మెల్లగా. "సారు మన మంచికే గదా చెప్తా ఉండాడు. కొద్ది దినాలే గదా. ఈసారి తప్పితే నేనేం చెప్పినానో గెవనం ఉండాదా?"

"ఉండాది నాయనా."

"మరి?"

"దీపం పెట్టినాక నువ్వు మగ్గం మీద కూసుంటావా?"

"కూసోను. నా సంగతి ఇప్పుడెందుకు?"

"యాల కూసోవు?"

మునెయ్య విసుక్కున్నాడు. "నీకు తెలవదా? ఆ ఎలుతుర్లో పోగు తెగినా కనపడదు. తెలవకుండా నేసుకుంటా పోతే తెల్లారి సూస్తే గుడ్డంతా సందులే."

"పోయిన సంవత్సరం నేను నేసింది ఆ గుడ్డే నాయనా. ఆ హాల్లో కూసోని నేసినా. మళ్లీ నేయమంటావా?"

తండ్రి కొడుకు ముఖంలోకి చూశాడు. హాలు వైపు చూశాడు. అందులో పట్టపగలే ఒకరిద్దరు బల్లల మీద తల వాల్చి నోళ్లు తెరుచుకుని నిద్రపోతున్నారు. మునెయ్య తువ్వాలు దులిపి భుజాన వేసుకున్నాడు.

"సామాను యాడుండాది? పద."

వార్డెను గారు ఇది ఊహించలేదు. "మునెయ్య గారూ, తొందరపడకండి. వాడు తప్పితే ఆ బాధ్యత నాది కాదు."

సమాధానం చౌడప్ప చెప్పాడు. గొంతు పెంచలేదు. "మీది కాదు సార్. పోయిన సంవత్సరం తప్పినప్పుడు గూడా మీరు మీదనలేదు గదా. తప్పినా నాదే, గెలిచినా నాదే. అట్లయినప్పుడు ఎప్పుడు పండుకోవాల్నో గూడా నేనే చూసుకుంటాను."

తాయమ్మ వెంటనే అందుకుంది. "కొర్లగుంటలో మా అన్న ఇల్లుండాది. అరుగు ఖాళీ. సంగటి నేను పెడతా. రా అబ్బా."

"గుంట మానుకోమంటే కొర్లగుంటకే పోతా ఉండావే!" అన్నాడు జయరావు, ట్రంకుపెట్టె ఒక కొస ఎత్తిపట్టి. చౌడప్ప కూడా నవ్వాడు. తండ్రి మాత్రం నవ్వలేదు. అతడు తన కొడుకును నమ్మాడో, తన మగ్గాన్ని నమ్మాడో నేను నిర్ణయించలేను.

ఆ కొద్ది వారాలూ చౌడప్పకు భయం లేదని చెప్పేవాళ్లను నమ్మకండి. నేను కొర్లగుంటకు వెళ్లి చూసేవాణ్ని. కొన్ని రాత్రులు పడుకున్నా నిద్ర పట్టేది కాదు. అప్పుడేం చేస్తావని అడిగాను. "పండుకోనే ఉంటా. పుస్తకం మాత్రం తెరవను. నిద్ర రాకపోతే కండ్లకైనా సెలవు ఉంటాది గదా" అన్నాడు. భయం ఎక్కువైన రోజు ఇంకా ఎక్కువసేపు ఈదేవాడు. ఒకరోజు కొండదారిలో అలిపిరి దాకా నడిచి వచ్చి, ఆకలితో సంగటి తిని, గుర్రుపెట్టి నిద్రపోయాడని తాయమ్మ వాళ్ల అన్న నాతో ఫిర్యాదు చేశాడు. ఇందులో లేహ్యాల పాత్ర ఏమీ లేదు. నేను చూసిన ఏకైక మందు తాయమ్మ మజ్జిగలో వేసే శొంఠి.

ఇంగ్లీషు పరీక్షనాడు ఏం జరిగిందో చౌడప్ప స్వయంగా నాకు చెప్పాడు. ప్రశ్నపత్రం చేతికి రాగానే చెవుల్లో హోరు మొదలైంది. కలం తెరిచి మొదటి వాక్యం రాశాడు. చూసుకుంటే అది మొదటి ప్రశ్న. నిరుడు రాసినట్టే, అవే గుండ్రటి అక్షరాలు. ఇక అయిపోయిందనుకున్నాడు. కాని ఈసారి తాను రాస్తున్నదేమిటో అతడికి కనబడింది. నిరుడు కనబడలేదు. రెండేళ్ల మధ్య తేడా అంతా అదేనని అతడన్నాడు, నేనూ ఒప్పుకుంటాను. కలం కింద పెట్టి, కాళ్లు బల్ల కింద బారచాపి, పత్రం బోర్లించి, తనకు గట్టిగా వచ్చిన ఒక పాఠాన్ని మొదటి నుంచి మనసులో చెప్పుకున్నాడు. అది తెగకుండా సాగింది. అప్పుడు పత్రం తిప్పి, వరుస వదిలేసి, తనకు వచ్చిన ప్రశ్న వెతుక్కుని అక్కడి నుంచి మొదలుపెట్టాడు. ఒక ప్రశ్నకు సమయం చాలలేదు, వదిలేశాడు. మిగతావి రాశాడు.

పేసయ్యాడు. అంతే. ర్యాంకు రాలేదు, పతకం రాలేదు. ఇంగ్లీషులో వచ్చిన మార్కులు చెప్పుకోదగినవి కావు, చరిత్రలో వచ్చినవి బాగున్నాయి.

దీని నుంచి తొందరపడి సిద్ధాంతం చేయకూడదు. హాలులో కూర్చున్నవాళ్లలోనూ చాలామంది పేసయ్యారు, నేనూ వాళ్లలో ఒకణ్ని. వాళ్లలో కొందరు జ్వరంతో రాశారు, ఒకడు పరీక్ష మధ్యలో వాంతి చేసుకుని లేచి వచ్చాడు. జయరావు సెగగడ్డలతో విసిగి, ఫిబ్రవరి చివర హాలు వదిలి, చౌడప్పతో కలిసి తెల్లవారుజామున చదివి పేసయ్యాడు. నారాయణ కూడా హాలు వదిలాడు. అయితే అతడు చౌడప్ప నుంచి నిద్ర ఒక్కటే నేర్చుకున్నాడు, తెల్లవారుజామున లేవడం నేర్చుకోలేదు. తప్పాడు. కాబట్టి నిద్రపోతే పేసవుతారని నేను చెప్పను. ఒంటిని పాడుచేసుకోవడమే చదువు అని ఎవరైనా చెబితే మాత్రం, నా దగ్గర సాక్ష్యం ఉంది, ఒప్పుకోను.

నిలయంలో జాగరణ ఆగలేదు. సన్యాసిరావు గారు ఉన్నన్నాళ్లూ పెట్రోమాక్సు వెలిగింది. ఆయన తన అభిప్రాయం మార్చుకోలేదు, చౌడప్పా మార్చుకోలేదు. ఫలితాలు వచ్చిన రోజు చౌడప్ప వెళ్లి ఆయనకు నమస్కరించాడు. ఆయన ఆశీర్వదించి, "అయినా నువ్వు హాలులో కూర్చుని ఉంటే సెకండుక్లాసు వచ్చేది" అన్నారు. "రాకపోయినా ఫరవాలేదు సార్" అన్నాడు చౌడప్ప. తరువాత అతడు పుత్తూరులో బడిపంతులయ్యాడు. మంచి పంతులే. గొప్ప పంతులని చెప్పడానికి తగిన ఆధారం నా దగ్గర లేదు.

ఇక తీర్పు. చౌడప్ప ఏ ఉద్యమమూ నడపలేదు, ఎవరినీ మార్చలేదు, అద్భుతమేదీ చేయలేదు. తన శరీరం ఏమి ఓర్చుకుంటుందో ఒకసారి నష్టపోయి తెలుసుకున్నాడు. తెలుసుకున్నదాన్ని వార్డెను ముందూ, తండ్రి ముందూ, తనను ఎగతాళి చేసిన పంక్తి ముందూ వదులుకోలేదు. అందుకు గది పోగొట్టుకున్నాడు. ఆరోగ్యంగా వెళ్లి పరీక్ష రాసి, తనకు వచ్చినంత రాసి, పేసయ్యాడు. అతడు చేసింది ఇంతే. అది సరైన పని.